విదేశంలో కంపెనీ: డెలావేర్, సింగపూర్, దుబాయ్‌లలో ఎవరికి ఏది నప్పుతుంది?

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ప్రాడక్ట్ చేసేవాళ్లయినా, గుంటూరు మిర్చి ఎగుమతి చేసేవాళ్లయినా విదేశంలో కంపెనీ అనగానే ముందు అడిగేది "టాక్స్ ఎక్కడ తక్కువండీ?" అని. అలా అడిగితే జవాబు దుబాయ్ అనే వస్తుంది. చాలామంది అక్కడితో ఆలోచన ఆపేసి ఏజెంటుకు డబ్బు కట్టేస్తారు. టెన్షన్ మొదలయ్యేది ఏడాది తిరిగాక. బ్యాంకు ఖాతా తెరుచుకోదు, లేదా ఇక్కడి ఐటీ రిటర్నులో ఆ కంపెనీ సంగతి రాయలేదని నోటీసు వస్తుంది.

అందుకే నేను వేరే ప్రశ్నలతో ఆలోచన మొదలుపెట్టమంటాను. మీకు బిల్లు కట్టే కస్టమర్ ఎక్కడున్నాడు? రేపు పెట్టుబడి ఎవరి దగ్గర తీసుకోబోతున్నారు? కంపెనీ పెట్టాక మీరు, మీ కుటుంబం ఏ ఊళ్లో ఉంటారు? ఈ మూడో ప్రశ్నను పెద్దగా ఎవరూ పట్టించుకోరు. నా దృష్టిలో అన్నిటికంటే బరువైనది అదే. మీరు విజయవాడలో కాపురం ఉంటూ దుబాయ్ కంపెనీ నడిపితే ఆదాయపు పన్ను శాఖకు మీరు విజయవాడ మనిషే. ఆ కంపెనీ మీకిచ్చే జీతం, డివిడెండు అన్నీ ఇక్కడి శ్లాబుల్లోకే వస్తాయి.

లెక్క వేసి చూద్దాం. మీరు ఇండియాలో ఉంటారు, 30 శాతం శ్లాబులో ఉన్నారు, సెస్ కలిపి 31.2 శాతం. కంపెనీకి వచ్చిన 100 రూపాయల లాభం మొత్తాన్నీ డివిడెండుగా తీసుకున్నారనుకోండి. ఇక్కడి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ 25.17 శాతం పన్ను కట్టాక మీ చేతికి దాదాపు 51 రూపాయల 50 పైసలు వస్తాయి. అమెరికన్ కార్పొరేషన్ 21 శాతం కడుతుంది, మీకు సుమారు 54 మిగులుతాయి. సింగపూర్ పూర్తి రేటు 17 శాతం, మిగిలేది 57. దుబాయ్‌లో 9 శాతమే కట్టినా మీకు మిగిలేది 62, 63 మధ్యలో. కాగితం మీద 25కీ 9కీ కనిపించిన తేడా జేబు దాకా వచ్చేసరికి 11 రూపాయలకు దిగింది. ఆ 11 రూపాయల్లోంచే అక్కడి లైసెన్సు, ఆడిటర్, వీసా రెన్యువల్, ఇక్కడి సీఏ ఫీజు అన్నీ పోవాలి. ఏడాదికి 20 లక్షల లాభం లేని వ్యాపారానికి పన్ను కోసమే బయట కంపెనీ పెట్టడం శుద్ధ దండగ.

అసలు బయటికి వెళ్లాల్సిన అవసరం ఉందా?

కస్టమర్ అమెరికాలో ఉన్నంత మాత్రాన కంపెనీ కూడా అమెరికాలోనే ఉండాలని ఏ చట్టమూ అనదు. ఇక్కడి కంపెనీయే డాలర్లలో ఇన్‌వాయిస్ వేయొచ్చు. జీఎస్‌టీ కింద ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీ పత్రం) పెట్టుకుంటే ఎగుమతి సేవల మీద పన్ను కట్టక్కర్లేదు. ఒకప్పుడు స్టార్టప్‌లను బయటికి తరిమిన ఏంజెల్ టాక్స్‌ను (షేర్ల విలువకు మించి వచ్చిన పెట్టుబడి మీద వేసిన పన్ను) కూడా 2024 బడ్జెట్‌లో ఎత్తేశారు.

మరి బయటికి వెళ్లడానికి నిజమైన కారణాలు ఏమిటి? నేను ఒప్పుకునేవి నాలుగున్నాయి. ఒకటి, అమెరికన్ ఇన్వెస్టర్. వై కాంబినేటర్ లాంటి స్టార్టప్ పెట్టుబడి సంస్థలు మన ప్రైవేట్ లిమిటెడ్‌లో నేరుగా డబ్బు పెట్టవు. రెండు, నెలవారీ సబ్‌స్క్రిప్షన్ వసూళ్లు. ఆన్‌లైన్ చెల్లింపులు వసూలు చేసిపెట్టే స్ట్రైప్ 2024 నుంచి భారత కంపెనీలను ఆహ్వానం మీదే చేర్చుకుంటోంది, విదేశీ కార్డుల నుంచి ప్రతి నెలా డబ్బు లాగాల్సిన చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇది పెద్ద తలనొప్పి. మూడు, సరుకు అక్కడ నిల్వ పెట్టి అమ్మాల్సిన వ్యాపారం. నాలుగు, మీరే అక్కడికి వెళ్లి స్థిరపడాలనుకోవడం.

మీ కస్టమర్లందరూ ఇండియాలోనే ఉండి, రేపటి ఐపీఓ కూడా ఇక్కడే అయితే అసలు వెళ్లకండి. ఫోన్‌పే తన హోల్డింగ్ కంపెనీని 2022లో సింగపూర్ నుంచి ఇండియాకు మార్చుకున్నప్పుడు ఇన్వెస్టర్ల మీద పడిన పన్ను దాదాపు 8,000 కోట్ల రూపాయలు. షేర్ల యాప్ గ్రో 2024లో అమెరికా రాష్ట్రమైన డెలావేర్ నుంచి తిరిగి వస్తూ సుమారు 1,340 కోట్లు కట్టింది. వాళ్లకు తట్టుకునే శక్తి ఉంది. ఇద్దరు ముగ్గురు కలిసి పెట్టుకున్న కంపెనీకి లాయరు ఫీజే భారం.

ముందు ఇండియా వైపు కాగితాలు

ఈ విషయం దగ్గర కాసేపు ఆగాలి. దేశాలను పోల్చే వీడియోలన్నీ అక్కడి రూల్స్ చెప్పి ఊరుకుంటాయి. మనవాళ్లు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడి రూల్స్ దగ్గరే.

ఇండియాలో నివసించే వ్యక్తి విదేశీ కంపెనీలో వాటా తీసుకోవడానికి 2022 ఆగస్టులో వచ్చిన ఫెమా (విదేశీ మారకపు చట్టం) ఓవర్సీస్ ఇన్వెస్ట్‌మెంట్ రూల్స్ వర్తిస్తాయి. ఎల్‌ఆర్‌ఎస్ (వ్యక్తులు విదేశాలకు డబ్బు పంపేందుకు రిజర్వ్ బ్యాంక్ పెట్టిన పథకం) కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. డబ్బు పంపకముందే మీ బ్యాంకులో ఫారం ఎఫ్‌సీ ఇచ్చి, రిజర్వ్ బ్యాంక్ నుంచి ఆ పెట్టుబడికి యూఐఎన్ అనే గుర్తింపు నంబరు తెప్పించుకోవాలి. పెట్టుబడికి రుజువుగా షేర్ సర్టిఫికెట్‌ను ఆరు నెలల్లో బ్యాంకుకు ఇవ్వాలి. ఆ తర్వాత ఏటా డిసెంబర్ 31లోగా ఏపీఆర్ అనే వార్షిక నివేదిక పెట్టాలి. ఒక ఆర్థిక సంవత్సరంలో పంపింది 10 లక్షల రూపాయలు దాటితే, దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. రిటర్నులో అది మీకు జమ అవుతుంది, అప్పటిదాకా ఆ డబ్బు ఇరుక్కుపోయినట్టే.

పంపేది 500 డాలర్లయినా ఈ తంతు తప్పదు. జరిగేదేమో ఇలా ఉంటుంది: డాలస్‌లో ఉన్న బావమరిది తన కార్డుతో కంపెనీ రిజిస్ట్రేషన్‌కూ, షేర్లకూ డబ్బు కట్టేస్తాడు, "తర్వాత చూసుకుందాంలే" అంటాడు. రెండేళ్లకు ఇన్వెస్టర్ దొరుకుతాడు. అతని లాయరు మొదటి మెయిల్లోనే యూఐఎన్ కాపీ పంపమంటాడు. చూపించడానికి ఏమీ ఉండదు. ఆలస్య రుసుము కట్టి కొన్నిటిని సరిచేసుకోవచ్చు. అసలు బ్యాంకు ద్వారా వెళ్లని డబ్బును మాత్రం అంత తేలిగ్గా సరిచేయలేం. అప్పుడు రిజర్వ్ బ్యాంక్ దగ్గర కాంపౌండింగ్ (తప్పు ఒప్పుకుని డబ్బు కట్టి పరిష్కరించుకోవడం) దాకా వెళ్లాల్సి రావచ్చు, ఈలోగా పెట్టుబడి రౌండ్ ఆగిపోతుంది.

ఇంకో చిక్కు దీనికంటే పెద్దది. ఇండియాలో ఉండే ఫౌండర్ డెలావేర్‌లో కంపెనీ పెట్టి, దాని కింద హైదరాబాద్‌లో సబ్సిడియరీ (అనుబంధ కంపెనీ) పెట్టడం మనవాళ్లకు బాగా అలవాటైన పద్ధతి. కానీ విదేశీ కంపెనీ మీద మీకు కంట్రోల్ ఉంటే, దాని కింద మరో సబ్సిడియరీ ఉండకూడదన్నది నివాస వ్యక్తులకు 2022 రూల్స్ పెట్టిన షరతు. ఓటింగ్ హక్కు 10 శాతం ఉన్నా కంట్రోల్ కిందికి రావచ్చు. స్వెట్ ఈక్విటీ (చేసిన పనికి బదులుగా ఇచ్చే షేర్లు), ఈసాప్స్ (ఉద్యోగులకిచ్చే షేర్లు), వారసత్వం లాంటి వాటికే మినహాయింపు. కాబట్టి ఈ నిర్మాణం వేసేముందు ఫెమా తెలిసిన సీఏకో లాయరుకో రాతపూర్వకంగా అభిప్రాయం అడగండి. మామూలుగా జీఎస్‌టీ రిటర్నులు వేసే సీఏ గారికి ఇది రోజూ చేతికొచ్చే పని కాదు.

దీనికి మారుగా ఇండియా కంపెనీనే తల్లిగా ఉంచి, బయట సబ్సిడియరీ పెట్టొచ్చు. అమెరికన్ ఇన్వెస్టర్ అవసరం లేనివాళ్లందరికీ నేను ముందు చెప్పేది ఈ దారే. ఇండియా కంపెనీ తన నెట్‌వర్త్‌కు నాలుగు రెట్ల దాకా బయట పెట్టుబడి పెట్టొచ్చు. కొత్త కంపెనీకి లక్ష రూపాయల మూలధనమే ఉంటే నాలుగు లక్షలే పంపగలరు, అందుకని ముందు ఇక్కడ మూలధనం పెంచుకోవాలి.

చివరిగా, ఐటీ రిటర్నులో షెడ్యూల్ ఎఫ్‌ఏ, అంటే విదేశీ ఆస్తులు చూపించే పట్టిక. కంపెనీకి రూపాయి ఆదాయం లేకపోయినా, ఖాతా ఖాళీగా ఉన్నా అందులో రాయాలి. లెక్క జనవరి నుంచి డిసెంబర్ దాకా. రాయకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా ఉంది. స్థిరాస్తి కాని ఆస్తులు 20 లక్షల లోపుంటే 2024 అక్టోబర్ నుంచి ఆ జరిమానా లేదు, అలాగని దాన్ని నమ్ముకుని రాయడం మానేయకండి.

డెలావేర్

అమెరికన్ ఇన్వెస్టర్ల కోసం అయితే రెండో ఆలోచన అక్కర్లేదు, డెలావేర్ సీ-కార్ప్ (షేర్లు జారీ చేసే మామూలు కార్పొరేషన్) పెట్టుకోండి. అక్కడ కంపెనీ తగాదాలు చూడడానికి ఛాన్సరీ కోర్టు అని ప్రత్యేక కోర్టు ఉంది, ఇన్వెస్టర్ల లాయర్లందరికీ ఆ చట్టం కొట్టిన పిండి. స్ట్రైప్ అట్లాస్ 500 డాలర్లకు కంపెనీ పెట్టించి, అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్ నుంచి ఈఐఎన్ అనే కంపెనీ పన్ను నంబరు కూడా తెప్పిస్తుంది. మీరు అక్కడికి వెళ్లక్కర్లేదు, సోషల్ సెక్యూరిటీ నంబరూ అక్కర్లేదు.

మొదటి ఏడాది గుండె ఆగేది ఫ్రాంచైజ్ టాక్స్ (అక్కడ కంపెనీ ఉన్నందుకు ఏటా కట్టేది) నోటీసు చూసినప్పుడు. స్టార్టప్‌లు సాధారణంగా కోటి షేర్ల దాకా జారీ చేసేందుకు ముందే అనుమతి (ఆథరైజ్) పెట్టుకుంటాయి. డెలావేర్ ఆ షేర్ల సంఖ్యను బట్టి లెక్క కట్టి 85,165 డాలర్ల బిల్లు చూపిస్తుంది. దాన్ని చూసి కంగారుపడి కంపెనీని గాలికి వదిలేయొద్దు. అసూమ్డ్ పార్ వాల్యూ అని రెండో పద్ధతి ఉంది. అందులో కంపెనీ మొత్తం ఆస్తులు, నిజంగా జారీ చేసిన షేర్లు నింపితే, షేర్లలో ఎక్కువ భాగం జారీ అయి ఉన్న చిన్న కంపెనీకి బిల్లు 400 డాలర్లకు దిగుతుంది. వార్షిక నివేదికకు ఇంకో 50. గడువు మార్చి 1. ఆ ఒక్క తేదీ గుర్తుంచుకుంటే చాలు.

ఎల్ఎల్‌సీ (షేర్లు లేని పరిమిత బాధ్యత కంపెనీ) చవక, ఏడాదికి 300 డాలర్లు, గడువు జూన్ 1. ఫ్రీలాన్సర్లు, ఒక్కరే నడిపే చిన్న సాఫ్ట్‌వేర్ వ్యాపారాలు ఇటు మొగ్గుతాయి. అమెరికాలో వ్యాపార కార్యకలాపం లేకపోతే అక్కడ ఆదాయపు పన్ను పడకపోవచ్చు, ఇక్కడ మాత్రం పడుతుంది. పన్ను లేదు కాబట్టి కాగితాలూ లేవనుకోవడమే ప్రమాదం. విదేశీయుడు ఒక్కడే యజమానిగా ఉన్న ఎల్ఎల్‌సీ ఏటా ఫారం 5472 పంపాలి, పంపకపోతే జరిమానా 25,000 డాలర్లు. ఇన్వెస్టర్లు ఎల్ఎల్‌సీలో డబ్బు పెట్టరు, రేపు రౌండ్ ఎత్తే ఉద్దేశం ఉంటే మొదట్నుంచీ సీ-కార్ప్‌గానే ఉండండి.

వీసా మాట. అమెరికాలో కంపెనీ ఉన్నంత మాత్రాన అక్కడ పనిచేసే హక్కు రాదు. ఈ-2 ఇన్వెస్టర్ వీసా ఒప్పంద దేశాల్లో ఇండియా లేదు. మనకు దగ్గరగా ఉండేది ఎల్-1, అంటే ఇక్కడి కంపెనీ నుంచి అక్కడి ఆఫీసుకు బదిలీ అయ్యేవాళ్లకిచ్చే వీసా. ఇక్కడి కంపెనీలో గత మూడేళ్లలో కనీసం ఏడాది మేనేజర్ స్థాయిలోనో ప్రత్యేక నైపుణ్యంతోనో పనిచేసి ఉండాలి. అక్కడ కొత్త ఆఫీసు అయితే మొదట ఒక్క ఏడాదికే ఇస్తారు. అలాగే హెచ్-1బీ మీద అక్కడ ఉద్యోగం చేస్తున్న మన పిల్లలు షేర్లు ఉంచుకోవచ్చు గానీ, ఆ కంపెనీ స్పాన్సర్ చేయకుండా దానికి పని చేయకూడదు. 2025 జనవరి నుంచి సొంత కంపెనీ ద్వారా కూడా హెచ్-1బీకి దరఖాస్తు పెట్టే వీలు స్పష్టంగా ఇచ్చారు, తొలి అనుమతి 18 నెలలకే. తమ్ముడు కాలిఫోర్నియాలో ఉన్నాడు కదా అని రాత్రిపూట పని వాడిమీద పెట్టకండి. వాడి గ్రీన్‌కార్డ్ దరఖాస్తు మీద దెబ్బ పడుతుంది.

సింగపూర్

పద్ధతిగా, శుభ్రంగా నడిచే చోటు. ఖర్చు మాత్రం ఎక్కువ. కంపెనీలను నమోదు చేసే ఏక్రా సంస్థలో రిజిస్ట్రేషన్ ఫీజు, పేరు ఖరారుకు కట్టేదానితో కలిపి 315 సింగపూర్ డాలర్లు, మూలధనం ఒక్క డాలరైనా చాలు. కార్పొరేట్ టాక్స్ 17 శాతం. కొత్త కంపెనీకి మొదటి మూడేళ్లు తొలి లక్ష డాలర్ల లాభంలో 75 శాతానికి, తర్వాతి లక్షలో సగానికి మినహాయింపు దొరుకుతుంది. డివిడెండు మీద పన్ను లేదు.

అసలు ఖర్చు డైరెక్టర్ దగ్గర ఉంది. అక్కడ నివసించే డైరెక్టర్ ఒకరు ఉండి తీరాలి. మీకు అక్కడ ఎవరూ లేకపోతే సర్వీస్ కంపెనీ నుంచి నామినీ (పేరుకు మాత్రమే ఉండే) డైరెక్టర్‌ను పెట్టుకోవాలి, ఏడాది ఫీజుతో పాటు డిపాజిట్ కూడా అడుగుతారు. 2025 జూన్ నుంచి ఇలాంటి సర్వీస్ కంపెనీలపై చట్టం కఠినమైంది, నామినీ అన్న సంగతి ఏక్రాకు చెప్పాలి. ఆరు నెలల్లో కంపెనీ సెక్రటరీని నియమించాలి. మీరే వెళ్లి అక్కడ ఉండాలంటే ఎంప్లాయ్‌మెంట్ పాస్‌కు (అక్కడి ఉద్యోగ వీసా) 2025 నుంచి కనీస జీతం నెలకు 5,600 సింగపూర్ డాలర్లు, వయసు పెరిగితే ఇంకా ఎక్కువ. దానికి తోడు కంపాస్ అనే పద్ధతిలో అర్హత పాయింట్లు.

ఆగ్నేయాసియాలో అమ్మేవాళ్లకూ, ఆ ప్రాంతపు ఫండ్ల నుంచి పెట్టుబడి తీసుకునేవాళ్లకూ ఇది సరైన చోటు. హైదరాబాద్‌లో ఉండి అమెరికాకు సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లకు ఇది అనవసరపు ఆడంబరం.

దుబాయ్

సరుకు వ్యాపారికి దుబాయ్‌ని మించింది లేదు, ఈ మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాను. గుంటూరు మిర్చినో నిజామాబాద్ పసుపునో దుబాయ్ ఓడరేవు జెబెల్ అలీలో గోడౌన్‌లో ఉంచి గల్ఫ్‌కూ ఆఫ్రికాకూ చిన్న లాట్లుగా పంపేవాళ్లకు అక్కడ కంపెనీ ఉండడం వల్ల నిజంగా లాభం ఉంది. 2022 మే 1 నుంచి భారత్-యూఏఈ ఒప్పందం అమల్లోకి వచ్చి చాలా సరుకుల మీద సుంకాలు తగ్గాయి. వారం మధ్యలో కొనుగోలుదారుకు శాంపిల్ చూపించి, శుక్రవారానికి ఇంటికి రావచ్చు.

కానీ "జీరో టాక్స్" అన్న ప్రకటనను అలాగే మింగకండి. 2023 జూన్ నుంచి అక్కడ 3,75,000 దిర్హమ్‌లు దాటిన లాభం మీద 9 శాతం కార్పొరేట్ టాక్స్ ఉంది. ఫ్రీజోన్ (ప్రత్యేక రాయితీలున్న వ్యాపార ప్రాంతం) కంపెనీకి సున్నా రేటు దానంతటదే రాదు. అర్హత ఉన్న ఆదాయమై ఉండాలి, అక్కడ నిజంగా ఆఫీసూ మనుషులూ ఉండాలి, లెక్కలు ఆడిట్ అయి ఉండాలి. ఏడాది టర్నోవర్ 30 లక్షల దిర్హమ్‌ల లోపున్న చిన్న వ్యాపారాలకు ఇంకో రాయితీ ఉంది, అది 2026 డిసెంబర్ 31తో ముగిసే పన్ను కాలాల దాకానే. ఫ్రీజోన్ సున్నా రేటు తీసుకున్న కంపెనీకి ఈ రెండోది రాదు. పన్ను లేకపోయినా రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆలస్యమైతే 10,000 దిర్హమ్‌ల జరిమానా. వ్యాట్ 5 శాతం వేరు.

మెయిన్‌ల్యాండా (ఫ్రీజోన్ల బయటి ప్రాంతం) ఫ్రీజోనా అంటే, మీ కస్టమర్ యూఏఈ లోపల ఉంటే మెయిన్‌ల్యాండ్ తీసుకోండి. 2021 నుంచి చాలా వ్యాపారాల్లో అక్కడ కూడా వంద శాతం వాటా మనదే, లోకల్ స్పాన్సర్‌కు సగం పైగా రాసిచ్చే రోజులు పోయాయి. సరుకు వచ్చి మళ్లీ బయటికి పోయేదైతే ఫ్రీజోన్. చవక ప్యాకేజీ ఇచ్చే ఫ్రీజోన్‌ను ఎంచుకునేముందు ఒక్క పని చేయండి. మీరు ఖాతా తెరవాలనుకునే బ్యాంకు మేనేజర్‌ను "ఈ జోన్ లైసెన్స్‌కు ఖాతా ఇస్తారా, కనీస బ్యాలెన్స్ ఎంత?" అని అడగండి. లైసెన్స్ రెండు మూడు రోజుల్లో వస్తుంది. ఖాతా కోసం నెలలు తిరిగినవాళ్లున్నారు. పాత ఇన్‌వాయిస్‌లు, సరఫరాదారులతో ఒప్పందాలు, ఇండియాలో ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్ ముందే దగ్గర పెట్టుకోండి.

రెసిడెన్స్ వీసా తేలిగ్గానే వస్తుంది. గోల్డెన్ వీసా కానివాళ్లు వరసగా 180 రోజులకు మించి బయట ఉంటే అది పోతుంది. దుబాయ్ పన్ను లాభం పూర్తిగా దక్కాలంటే మీరు నిజంగా అక్కడ బతకాలి. ఇండియాలో 182 రోజులు గడిపితే చాలు, ఇక్కడ రెసిడెంటే. ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటిన భారత పౌరులకు ఇంకా బిగువైన రూల్స్ ఉన్నాయి. కంపెనీ టర్నోవర్ 50 కోట్లు దాటి, నిర్ణయాలన్నీ ఇక్కడే జరుగుతుంటే ఆ దుబాయ్ కంపెనీని కూడా భారత కంపెనీగానే లెక్కేసి పన్ను వేయొచ్చు. అంతకంటే చిన్న కంపెనీలైనా, ఒప్పందాలన్నీ మీరు ఇక్కడ కూర్చుని కుదురుస్తుంటే శాఖ ప్రశ్నించకుండా ఉండదు.

లండన్, ఎస్టోనియా

యూకే కంపెనీ పెట్టడం చాలా తేలిక, స్థానిక డైరెక్టర్ అక్కర్లేదు. 2025 నవంబర్ నుంచి డైరెక్టర్లు గుర్తింపు ధ్రువీకరించుకోవాలి. టాక్స్ లాభాన్ని బట్టి 19 నుంచి 25 శాతం. బ్రిటిష్ కస్టమర్లు ఉంటేనే దీని గురించి ఆలోచించండి. ఎస్టోనియా ఈ-రెసిడెన్సీ (ఆన్‌లైన్‌లో కంపెనీ నడిపేందుకిచ్చే డిజిటల్ గుర్తింపు) కార్డును ఢిల్లీలోని వాళ్ల ఎంబసీలో తీసుకోవచ్చు, లాభం కంపెనీలోనే ఉంచితే పన్ను లేదు, పంచితే 22 శాతం. అది వీసా కాదు, పన్ను నివాసమూ కాదు. యూరప్ కస్టమర్లున్న ఫ్రీలాన్సర్‌కు బాగుంటుంది, మిగతావాళ్లకు నేను చెప్పను.

మూసేసే దారి కూడా ముందే చూసుకోండి

పెట్టిన కంపెనీలన్నీ నడవవు. డెలావేర్‌లో ఫ్రాంచైజ్ టాక్స్ బాకీలు తీర్చందే డిసొల్యూషన్ పూర్తికాదు. దుబాయ్‌లో వీసాలు రద్దు చేసుకుని, బ్యాంకు ఖాతా మూసి, జోన్ నుంచి క్లియరెన్సులు తీసుకోవాలి. లైసెన్స్ రెన్యూ చేయకుండా వదిలేస్తే జరిమానాలు పేరుకుపోతాయి. బాకీలు, ఆస్తులు లేని సింగపూర్ కంపెనీని స్ట్రైక్ ఆఫ్ (రిజిస్టర్ నుంచి పేరు తొలగింపు) చేయించుకోవడం వీటికంటే సులువు, కొన్ని నెలలు పడుతుంది. ఎక్కడ మూసినా మిగిలిన డబ్బును 90 రోజుల్లో ఇండియాకు తెచ్చుకోవాలి, వచ్చిన 30 రోజుల్లో మళ్లీ అదే ఫారం ఎఫ్‌సీలో బ్యాంకుకు చెప్పాలి. ఏజెంటు కొటేషన్ ఇచ్చినప్పుడు పెట్టడానికి ఎంత, ఏటా ఎంత, మూయడానికి ఎంత అని మూడు అంకెలూ రాయించి తీసుకోండి.